ఈడ్నే కూసో, కదలకు

ఇది చదివి ఎవరైనా నన్ను ఓపికగల ఇల్లాలు అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మా ఆయన నర్సింహకు అల్జీమర్స్ వచ్చిన ఈ ఆరేళ్ళలో నన్ను నిలబెట్టింది ఓపిక కాదు, పగ. అదీ ఒకే ఒక్క మనిషి మీద. మా ఆయనకు తోడబుట్టిన అన్న, నాకు బావ, వీరేశం. ఉప్పల్లో ఆయనకు రంగుల దుకాణం ఉంది. చుట్టుపక్కల కాలనీల్లో అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళకు ఆయనే గురుస్వామి. ఎదురొస్తే జనం చెప్పులు విడిచి కాళ్ళకు మొక్కుతారు. నేను మొక్కడం ఎప్పుడో మానేశాను.

ఈ జబ్బున్నవాళ్ళ ఇంటివాళ్ళం కలుసుకునే నెలవారీ సమావేశం నడిపే కామేశ్వరిగారు "మీ అనుభవం రాయండమ్మా, కొత్తగా వచ్చేవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది" అని వెంటపడితే రాస్తున్నాను. ధైర్యం సంగతి నాకు తెలియదు. మనవాళ్ళను ఎవరి చేతుల్లో పెట్టకూడదో మాత్రం చదివినవాళ్ళకు తెలుస్తుంది.

2008, వానాకాలం

మా ఇల్లు చిలుకానగర్లో. ఆయన నాచారంలో ఒక మాత్రల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్. ఒక సాయంత్రం ఇంటికొచ్చి స్టాండ్ వేస్తుంటే చూశాను, అది మా బండి కాదు. అదే రకం, అదే రంగు, నంబరు వేరు. అరిగిన తాళంచెవి ఏ బండికైనా పడుతుంది కదా అని నవ్వుకున్నాం. అక్కడ కంపెనీ గేటు దగ్గర బండి కోసం వెతుక్కుంటున్నవాడు ఆయన కింద పనిచేసే యాదగిరి. "నా బండి మీద మనసు పడ్డవా ఏందన్నా?" అని అతనూ నవ్వాడు. మళ్ళీ అదే బండి తెచ్చినప్పుడు ఎవరమూ నవ్వలేదు.

తర్వాత ఆదివారాలు డ్యూటీకి తయారవడం మొదలైంది. తిని చెయ్యి కడుక్కున్నాక "అన్నం పెట్టవా?" అనడం. కంపెనీలో ఒకసారి మాత్రల పెట్టెల మీద తేదీ తప్పు పడింది, ఇంకోసారి పెట్టెలే తప్పు లారీ ఎక్కాయి. వాళ్ళు మర్యాదగానే ఇంటికి పంపారు. యాభై ఆరేళ్ళ మనిషి. జీవితమంతా ఊరందరికీ మందులు సర్ది పంపినవాడికి మందులేని జబ్బు వచ్చింది.

దవాఖానాలో జ్ఞాపకశక్తి పరీక్షలు చేసే గది బయట పొడుగాటి బల్ల ఉండేది. దాని మీద కూర్చున్నవాళ్ళలో ఎవరు రోగో, ఎవరు తోడొచ్చినవాళ్ళో మొహాలు చూసి చెప్పలేం. తోడొచ్చినవాళ్ళే ఎక్కువ నలిగి ఉంటారు. ఒకరోజు మా వంతు ఎంతకీ రాక ఆయన విసుక్కుంటుంటే, పక్కనున్న ముసలామె తన డబ్బాలోంచి ఖిచిడీ తీసి ముందు తన భర్తకు, తర్వాత మా ఆయనకు పెట్టింది. "ఖాలో బేటా" అంది. ఇద్దరూ బడిపిల్లల్లా పక్కపక్కన కూర్చుని తిన్నారు. ఆమె పేరు కూడా అడగలేదు నేను. ఇప్పటికీ ఆ దవాఖానా అంటే నాకు ఆ ఖిచిడీ వాసనే గుర్తొస్తుంది.

లోపల డాక్టరమ్మ "ఈరోజు ఏ వారం?" అని అడిగితే ఆయన నా మొహంలోకి చూశాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన నన్ను ఏదో బతిమాలినట్టు చూడటం. నాకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పనివ్వరు కదా.

చివరికి డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పింది. తగ్గేది కాదు, మాత్రలు వాడితే కొంత నిదానంగా ముదురుతుందంది. రెండు జాగ్రత్తలు చెప్పింది. మమ్మల్ని అడక్కుండా మాత్రలు ఆపొద్దు. బయట ఎక్కడా ఒంటరిగా వదలొద్దు. ఆ రెండు మాటలూ బావ నా పక్కనే నిలబడి విన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

వరండాలోకి రాగానే బావ అన్న మాట ఇది: "మా ఇంట్ల పిచ్చోళ్ళెవ్వరు లేరు. పెండ్లాం పొద్దుమాపు సతాయిస్తే ఎవనికైనా మతి పోతది."

2010, కార్తీకం

అప్పటికి పేర్లు పోయాయి. చుట్టాలు పరామర్శకు వస్తారు కదా, వచ్చి కూర్చోగానే "నన్ను గుర్తువట్టినవా? చెప్పు సూద్దాం, నేనెవర్ని?" అని మొదలు. ఆయన చెమటలు పట్టి దిక్కులు చూసేవాడు. చెప్పకపోతే వాళ్ళు నా వైపు తిరిగి అయ్యో అనేవాళ్ళు. ఇలాంటి ఇంటికి మీరు వెళ్తే దయచేసి ఆ పరీక్ష పెట్టకండి. మీ పేరు మీరే చెప్పుకోండి, అరిగిపోదు.

ఆ టైములోనే బావ "తమ్ముడికి మాల ఏపిద్దాం" అన్నాడు. నేను అడ్డం చెప్పలేదు. మా ఇంటికి కొత్తేం కాదు, ఆయన ఇదివరకు కూడా వేసుకున్నాడు. వేశాక జరిగింది చూసి ఆశ్చర్యపోయాను. మాలలో ఉన్నవాళ్ళందరూ ఒకరినొకరు స్వామీ అనే పిలుచుకుంటారు. చిన్నా పెద్దా లేదు, ఇంటిపేరు ఒంటిపేరు లేదు. ఇంట్లో నేనూ, మా అమ్మాయి స్వప్నా కూడా ఆయన్ని స్వామీ అనాలి. పేర్లు మరిచిపోయిన మనిషికి పేర్లే అక్కర్లేని లోకం దొరికింది. గుర్తుపట్టినవా అని అడిగేవాడు లేడు. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం, పూజ, శరణుఘోష, అందరితో కలిసి భిక్ష. పక్కవాడు ఏం చేస్తే అది చేస్తే చాలు. ఆయన మొహం తేటపడింది. యాదగిరి కూడా మాలలోనే ఉన్నాడు, రోజూ వచ్చి గుడికి తీసుకెళ్ళేవాడు. బావకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అది చూసి బావకు ధీమా వచ్చింది. ఒకరోజు మా ఇంట్లో పూజ అయ్యాక మాత్రల డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "మాలల ఉన్నంక ఇవెందుకు? మంచిగైండు గదా. అయ్యప్ప సూస్కుంటడు."

"డాక్టరమ్మ ఆపొద్దన్నది బావా. మీరు గూడ విన్నరు."

"గురుస్వామి మాట ఎక్కువనా, డాక్టరమ్మ మాట ఎక్కువనా? దీక్షల ఉన్న ఇంట్ల ఆడోళ్ళు ఎదురు మాట్లాడొద్దు."

మాలలో గురుస్వామి మాటకు ఎదురు లేదు. పదిమంది స్వాములు కూర్చుని ఉన్నారు. డబ్బా బావ సంచిలోకి పోయింది. వారం తిరిగేసరికి మా ఆయన మళ్ళీ గుమ్మం దగ్గర నిలబడి ఏ గది ఎటో తేల్చుకోలేకపోయాడు. యాత్రకు వద్దంటే బావ వినలేదు. ఇరుముడి కట్టాక ఆపితే అరిష్టమన్నాడు. నాకప్పటికి యాభై నిండలేదు, ఆ వయసు ఆడవాళ్ళు కొండకు పోకూడదు. నేను చేయగలిగింది ఒక్కటే. ఆయన నల్లచొక్కా కాలరు లోపల మా ఫోన్ నంబరు తెల్లదారంతో కుట్టాను. "చెయ్యి వదలొద్దు బావా" అని బస్సు కిటికీ దగ్గర మళ్ళీ చెప్పాను.

బస్సు తిరిగొచ్చిన రోజు హారతి పళ్ళెంతో గుడి దగ్గర నిలబడ్డాను. ఒక్కొక్కరే దిగుతున్నారు. అందరూ దిగాక బావ దిగాడు. ఆయన చేతిలో మా ఆయన నల్లచొక్కా ఉంది.

"గుంపుల తప్పిపోయిండు. మైకుల పిలిపిచ్చినం, రాలే" అన్నాడు.

మైకులో నర్సింహస్వామీ అని పిలిచారట. తన పేరుకే పలకని మనిషిని. ఒంటి మీద నంబరు కూడా లేదు, నది స్నానం దగ్గర చొక్కాలన్నీ తీయించి సంచిలో వేశారు. నాకు ఫోన్ ఎందుకు చేయలేదని అరిచాను. "చేస్తే ఏడ్సి ఆగమాగం జేస్తవని" అన్నాడు. నా అరుపులకు జనం పోగయ్యారు. అప్పుడు బావ గొంతు పెంచి, గుడి ముందు, అందరూ వినేలా అన్నాడు: "నీ ఇంట్ల నిష్ఠ తప్పింది. గందుకే అయ్యప్ప దారి తప్పిచ్చిండు."

పళ్ళెం నా చేతిలోనే ఉంది. హారతి వెలుగుతూనే ఉంది. ఆ మాట విని తల ఊపినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసి పెట్టుకున్నాను.

మా తమ్ముడు కేరళ వెళ్ళాడు. పోలీసులు, ఫోన్లు, దవాఖానాలు. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయను.

ఆయన్ని తెచ్చింది కూడా స్వాములే. వరంగల్ వైపు నుంచి వెళ్ళిన ఒక బృందం, అక్కడ ఏదో రైల్వేస్టేషన్లో ఆయన తెలుగు మాట విని ఆగారు. మీది ఏ ఊరు స్వామీ అంటే "నాచారం, బీ షిఫ్ట్" అన్నాడట. ఏమడిగినా అదే. తమ కంచంలోనే అన్నం పెట్టుకుంటూ సికింద్రాబాద్ దాకా తెచ్చారు. వాళ్ళ రైలు వాళ్ళు వదులుకుని నాచారం వచ్చి, కంపెనీల గేట్లు ఒక్కొక్కటీ అడుగుతూ పోయారు. ఒక గేటు దగ్గర వాచ్‌మన్ గుర్తుపట్టాడు.

నేను పరుగెత్తుకెళ్ళేసరికి మా ఆయన వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా లేదు, ఎవరో శాలువా కప్పారు. పాదాలు పగిలి ఉన్నాయి. ఇరుముడి మూట ఒళ్ళో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. దాన్ని కింద పెట్టొద్దని ఎవరో చెప్పారు కదా, పెట్టలేదు. మా స్వప్న తీయబోతే ఇవ్వలేదు. నన్ను చూసి "తిన్నారా స్వామీ?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయనకు మనుషులందరూ స్వామే. నేనూ స్వామే. కాబట్టి నా తగాదా దేవుడితో కాదు, మాలతో కాదు. నా తగాదా ఎవరితోనో నాకు బాగా తెలుసు.

2011, బంద్‌ల కాలం

ఉద్యమం జోరుగా ఉంది. ఒక బంద్ రోజు కంపెనీ మూసేస్తే యాదగిరి మా ఇంటికొచ్చాడు. అంతకుముందు రాకుండా తప్పించుకు తిరుగుతున్నాడు, నాకు అర్థం కాలేదు. మా ఆయన అతన్ని చూసి కుర్చీ జరిపి "కూర్చోండి స్వామీ" అన్నాడు. యాదగిరి కూర్చోలేదు. గోడకు ఆనుకుని ఏడ్చేశాడు.

"వదినా, అన్న తప్పిపోలే."

"మరి?"

"గురుస్వామే కూసోవెట్టిండు. ఈయన్ని పట్టుకొని ఎక్కితే దర్శనం లేటైతదన్నడు. ఒడ్డు మీద ఓ కట్ట ఉంటే, 'ఈడ్నే కూసో, కదలకు, నేనిప్పుడే వస్త' అన్నడు. అందరం ఎక్కినం. రాత్రి పైన్నే పండుకున్నం. తెల్లారి దిగొచ్చి సూస్తె లేడు. నేనుంటనంటే వద్దన్నడు. బయట చెప్తే దీక్ష భంగమన్నడు."

ఐదు నిమిషాల కిందటి మాట గుర్తులేని మనిషిని, అక్కడే కూర్చో అని వదిలిపోయాడు. తన దర్శనం ఆలస్యం కాకూడదని. తిరిగొచ్చి నా నిష్ఠ మీద తోశాడు.

నేను కట్టిన చీర మీదే బావ దుకాణానికి నడిచాను. బంద్ కదా, షట్టర్ సగం దించి లోపల కూర్చున్నాడు. "గుడి ముందట నన్ను అన్నరు గద బావా. గాడనే, గా జనం ముందే మీరు జేసింది చెప్పుండ్రి. గంతే, ఇంకేం అడగ" అన్నాను.

"ఏం జేసిన నేను? పొయ్యి చెప్పుకో. ఎవడు నమ్ముతడో సూస్త."

చెప్పుకోమన్నాడు కదా, చెప్పుకోవడానికే నిర్ణయించుకున్నాను.

ఆ రోజుల్లోనే డాక్టరమ్మ పంపితే కామేశ్వరిగారి సమావేశానికి వెళ్ళాను. నాచారంలో ఒక చిన్న బడి, నెలకో ఆదివారం గది ఇస్తారు. కామేశ్వరిగారు కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే టీచరుగా రిటైరయ్యారు. ఆమె భర్త ఇదే జబ్బుతో పోయారు. పిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని మేం కూర్చుంటాం, మావాళ్ళు పక్కగదిలో ఉంటారు. బయట రోడ్డు మీద ఆంధ్రోళ్ళు పోవాలని నినాదాలు, లోపల ఆమె నా చెయ్యి పట్టుకుని ఉండేవారు. మొదటి రోజే అందరి ముందూ చెప్పేశాను, నాకు మా బావను చంపాలనుందని. ఎవరూ ఉలిక్కిపడలేదు.

"రానివ్వండి కోపం. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ మంచిదానిగా ఉండమని అడగరు. కాకపోతే దాన్ని ఊరికే ఉంచకండి, ఏదైనా పనిలో పెట్టండి" అన్నారామె.

ఒకసారి డాక్టరమ్మ అక్కడికే వచ్చి ఈ జబ్బు మీద పరిశోధన చేస్తున్నామంది. ఏటా పరీక్షలు చేస్తారు, రక్తం తీసుకుంటారు. "మీవారికి దీనివల్ల ఏమీ ఒరగదు, రేపు వచ్చేవాళ్ళకు ఉపయోగం" అని దాపరికం లేకుండా చెప్పింది. సరేనన్నాను. ఈ జబ్బు మీద కూడా నాకు కక్షే, దాని గుట్టు బయటపడాలి. తోడబుట్టినవాళ్ళూ వస్తే మంచిదంటే బావకు కబురు పెట్టాను. మా ఇంట్ల పిచ్చోళ్ళు లేరని మళ్ళీ అదే జవాబు.

2012 నుంచి

మాల సీజన్లో ఇళ్ళల్లో పడిపూజలు జరుగుతాయి. కాలనీకి కాలనీ వస్తుంది. పూజ అయ్యాక, భిక్షకు ముందు, ఎవరైనా నాలుగు మాటలు చెప్పడం రివాజు. మొదట యాదగిరి తన ఇంట్లోనే నన్ను పిలిచాడు. స్వప్నను ఇంట్లో ఆయన దగ్గర కూర్చోబెట్టి వెళ్ళాను.

"మాల మంచిదే" అని మొదలుపెట్టాను. "మా ఆయన మాలల ఉన్నన్ని రోజులు నవ్విండు. కని మీ ఇంట్ల పెద్దమనిషి పేర్లు మర్సిపోతుంటే దవాఖానకు తోల్కపోండ్రి. మాల ఏస్తె మందులు ఆపొద్దు. యాత్రకు తోల్కపోతే చెయ్యి వదలొద్దు. చొక్క మీద గాదు, ఒంటి మీద నంబర్ ఉండాలె. మా ఆయన్ని నది ఒడ్డున కూసోవెట్టి, దర్శనం లేటైతదని వదిలేసి పోయిన్రు. ఎవరో గాదు. మా బావ, వీరేశం గురుస్వామి."

ఒక పెద్దాయన "దేవుని ముందర గిదేం ముచ్చటమ్మా" అని గొణిగాడు. దేవుడి ముందే చెప్పాల్సిన ముచ్చట అని కూర్చున్నాను.

తర్వాత పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్ళాను. పిలవని ఇళ్ళకూ కొన్నింటికి వెళ్ళాను. ఉప్పల్, నాచారం, మల్లాపూర్. అదే కథ, చివర్లో అదే పేరు. మరుసటి ఏడు బావ దగ్గర మాల వేసుకునేవాళ్ళు పలచబడ్డారు. ఆ వార్త విన్నరోజు నేను సేమ్యా పాయసం చేసుకుని తిన్నాను. సంతోషపడ్డాను, దాచుకోను.

అనుకోనిది ఇంకోటి జరిగింది. నేను మాట్లాడి వచ్చాక ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు వంటగది వెనక్కి వచ్చేవాళ్ళు. "మా నాయన గూడ గిట్లనే జేస్తుండమ్మా" అని మెల్లగా. వాళ్ళను కామేశ్వరిగారి దగ్గరికి తీసుకొచ్చేదాన్ని. బెంచీలు చాలక చాపలు తెచ్చుకున్నాం. కక్షతో మొదలుపెట్టిన పని పదిమందికి పనికొస్తే నేనేం చేయను? కొందరు నన్ను సమాజసేవకురాలు అంటుంటే నవ్వొస్తుంది.

2014, ఎండాకాలం

తెలంగాణ వచ్చింది. మెట్రో పిల్లర్లకు గులాబీ జెండాలు కట్టారు. ఆ నెల సమావేశం రోజు బావ వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"నా పేరు చెప్పుడు ఆపు సుజాతా. బజార్ల తలెత్తనిస్తలేరు."

"నా షరతు మారలే బావా. అదే జనం ముందు చెప్పుండ్రి."

అదే జనం చాలామంది అక్కడే ఉన్నారు. యాదగిరి ఉన్నాడు, గుడి ముందు తల ఊపినవాళ్ళలో ఇద్దరు తమ ముసలివాళ్ళతో వచ్చి ఉన్నారు. బావ వాళ్ళ వైపు తిరిగాడు. "నేనే కూసోవెట్టిన. నేనే వదిలేసి పోయిన. సుజాత తప్పేం లేదు" అన్నాడు.

ఎన్నేళ్ళు ఎదురుచూసిన మాట. విన్నాక కడుపు చల్లబడుతుందనుకున్నాను. పడలేదు. కామేశ్వరిగారు నా వైపు చూశారు, క్షమిస్తానేమోనని. నాకు ఆ ఉద్దేశమే లేదు.

మా ఆయన పక్కగదిలో బెంచీ మీద ఉన్నాడు. బావను తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టాను. మా ఆయన అలవాటుగా పక్కవాడి మణికట్టు పట్టుకున్నాడు. ఒకసారి పట్టుకుంటే వదలడు, తప్పిపోయి వచ్చినప్పటినుంచీ అంతే.

"ఈడ్నే కూసోండ్రి బావా, కదలకుండ్రి. నేనిప్పుడే వస్త" అన్నాను.

బయటికి వచ్చి నాచారం మెయిన్ రోడ్డు మీదున్న ఇరానీ హోటల్లో కూర్చున్నాను. మా ఆయనకు జబ్బు చేశాక నేను ఒక్కదాన్నే ఎక్కడైనా కూర్చోవడం అదే మొదలు. చాయ్ చెప్పాను. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిన్నాను. రోడ్డు మీద పోయే బస్సులన్నీ చూశాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నా రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని ఊరికే ఉన్నాను. యాదగిరి ఫోన్ చేశాడు.

"వదినా, గురుస్వామి ఘాబరా పడుతున్నడు. నువ్వు ఎటు పోయినవని ఒకటే అడుగుతున్నడు."

"పడనియ్" అని ఇంకో చాయ్ చెప్పాను.

నేను తిరిగొచ్చేసరికి సమావేశం అయిపోయింది, బడి ఖాళీ అయింది. బావ చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంది. మా ఆయన ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు, మణికట్టు మాత్రం వదల్లేదు. బావ లేవలేదు, కదల్లేదు. నన్ను చూడగానే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడే వస్తనంటివి. ఇగ రావేమో అనుకున్న" అన్నాడు. తమ్ముడి తల వైపు చూసి మెల్లగా అడిగాడు: "ఆడ తమ్ముడు గూడ గిట్లనే ఎదురుసూసిండా?"

"ఏమో బావా, ఆయనకు గుర్తులేదు" అన్నాను, బావ మణికట్టు మీంచి మా ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తూ. "మీరు గుర్తువెట్టుకోండ్రి. వచ్చే నెల మళ్ళ రావాలె."